రెండోసారి కట్టే వంతెన: బడిలో పిల్లలకు ఇంజనీరింగ్ డిజైన్ మీద ఇష్టం కలిగించడం ఎలా?

ఏటా సైన్స్ ఫెయిర్ వస్తుందనగానే మా బడిలో హడావిడి మొదలయ్యేది. థర్మాకోల్ షీట్లు, పోస్టర్ రంగులు, మిణుకుమనే ఎల్ఈడీ దీపాలు. సగం మోడళ్ళు ఇంట్లో పెద్దవాళ్ళు చేసిపెట్టినవే. జడ్జీలు వచ్చి చూసి వెళ్ళేవారు. మర్నాటికి అవన్నీ స్టాఫ్ రూమ్ అటక ఎక్కేవి. వాటి గురించి మళ్ళీ ఒక్క పిల్లాడు కూడా అడిగేవాడు కాదు. చాలా ఏళ్ళు నేను ఆ సంగతి గమనించనే లేదు.

ఒకసారి ఫెయిర్‌తో ఏ సంబంధమూ లేకుండా, ఎనిమిదో తరగతిలో ఒక పీరియడ్ ఖాళీ దొరికితే పాత న్యూస్‌పేపర్లూ టేపూ ఇచ్చి రెండు బెంచీల మధ్య వంతెన కట్టమన్నాను. అన్నీ కూలిపోయాయి. ఈలోగా బెల్లు కొట్టారు. ఏడాదంతా నోరు విప్పని వెనక బెంచీ అమ్మాయి ఒకతె నా దగ్గరకొచ్చి, "టీచర్, రేపు మళ్ళీ కట్టచ్చా?" అంది.

ఆ రోజు నుంచి నేను చూసుకునేది ఆ ఒక్క మాట కోసమే. డిజైన్ మీద ఇష్టం మొదటిసారి చేసినప్పుడు పుట్టదు. తను చేసింది తన కళ్ళ ముందే విరిగాక, ఎందుకు విరిగిందో కొంచెం అర్థమయ్యాక, ఇంకోసారి చేసే అవకాశం చేతికందినప్పుడు పుడుతుంది. మన బడుల్లో పిల్లలకు అందనిది సరిగ్గా ఆ రెండో అవకాశమే. విశాఖలో 6 నుంచి 10 తరగతులకు చెప్పే ఏ ఉపాధ్యాయులైనా ఖర్చు లేకుండా దీన్ని ఎలా నడపచ్చో, నాకు పని చేసిన క్రమంలోనే చెబుతాను.

ముందు ఒక తేడా

ప్రయోగానికీ డిజైన్ పనికీ తేడా మనకే స్పష్టంగా లేకపోతే పిల్లలకు చెప్పలేం. ప్రయోగంలో జవాబు పుస్తకంలో ముందే ఉంటుంది, మనం దాన్ని సరిచూస్తాం. డిజైన్ పనికి ఒక అవసరం ఉంటుంది, కొన్ని పరిమితులు ఉంటాయి, జవాబులు మాత్రం ఎన్నో. "ఉష్ణవాహకత్వం చూపించు" అంటే ప్రయోగం. "ఈ అట్టపెట్టెలో ఐసుముక్క గంటసేపు నిలవాలి, నీకు ఊక, పీచు, పాతగుడ్డ మాత్రమే ఇస్తాను" అంటే డిజైన్. రెండోదానికి కూడా ఉష్ణవాహకత్వం కావాలి. కాకపోతే అక్కడ ఆ పాఠం పిల్లాడికి అవసరమై వస్తుంది.

ఇంకో తేడా కూడా ఉంది. ప్రయోగంలో తప్పు జవాబు వస్తే పిల్లాడు పక్కవాడి రికార్డు చూసి రాసేస్తాడు. వంతెన కూలితే చూసి రాయడానికి ఏమీ ఉండదు, తన వంతెన తనదే.

1. సమస్యను మన ఊళ్ళోంచే తెచ్చుకోండి

కిట్ల డబ్బాల్లో వచ్చే సమస్యలు పిల్లలకు పట్టవు. అంగారక గ్రహం మీద బండి నడపమంటే ఒక రోజు సరదాగా ఉంటుంది, అంతే. మన ఊళ్ళో కావలసినన్ని సమస్యలున్నాయి. ఫిషింగ్ హార్బర్ నుంచి గంపతో బయల్దేరిన చేపలమ్మకు మధ్యాహ్నానికి ఐసు కరిగిపోతుంది. కొండవాలు మీద ఇళ్ళున్న పిల్లలకు బిందెతో మెట్లెక్కడం ఎలా ఉంటుందో మనం చెప్పక్కర్లేదు. వానాకాలంలో బడి మెట్ల దగ్గర నీళ్ళు నిలుస్తాయి. గాలి గట్టిగా వీస్తే బడ్డీ కొట్టు రేకు లేచిపోతుంది.

అన్నిటికన్నా నాకు బాగా పనికొచ్చింది హుద్‌హుద్. 2014 అక్టోబరు 12న ఆ తుపాను మన ఊరి మీదే తీరం దాటింది. గాలి వేగం గంటకు సుమారు 180 కిలోమీటర్లు. ఇప్పుడు హైస్కూల్లో ఉన్న పిల్లలకు అది గుర్తుండదు, కొందరైతే అప్పటికి పుట్టనే లేదు. కానీ ఇంట్లో వాళ్ళకు బాగా గుర్తు. అందుకని మొదటి రోజు హోంవర్కు ఇదీ: "అమ్మనో, నాన్ననో, తాతయ్యనో అడగండి. ఆ రోజు మన ఇంటికీ వీధికీ ఏమయింది? ముందు ఏది లేచిపోయింది? ఏది నిలబడింది?" మర్నాడు తరగతిలో ఆ కబుర్లు వింటే ఒళ్ళు జలదరిస్తుంది. కిటికీ తలుపులు ఊడిపోవడం, వారాల తరబడి కరెంటు లేకపోవడం, విరిగిన చెట్లు. ఆ కబుర్లలోంచే సమస్య వస్తుంది: రేకుల కప్పు ఎందుకు లేస్తుంది? లేవకుండా ఏం చెయ్యాలి?

ఇంజనీర్లు చేసే మొదటి పని కూడా ఇదే. వాడేవాళ్ళను అడగడం. పిల్లలు దీన్ని ఇంట్లోనే మొదలుపెడతారు.

సమస్యను బోర్డు మీద రాసేటప్పుడు నాలుగు సంగతులు తప్పకుండా ఉండాలి: ఎవరి కోసం, వాళ్ళ ఇబ్బందేమిటి, ఎంత సాధిస్తే గెలిచినట్టు, ఏమేం వాడచ్చు. మూడోది అంకెల్లో ఉండాలి. "బలమైన వంతెన" అని రాస్తే ఎవరి వంతెన బలమైందో అని చివర్లో గొడవ పడతారు. "40 సెంటీమీటర్ల సందు మీద 1 కిలో మోయాలి" అని రాస్తే గొడవే ఉండదు.

నాలుగోదాన్ని పిసినారితనం అనుకోకండి. సామాను ఎంత తక్కువ ఇస్తే పిల్లలు అంత ఎక్కువ ఆలోచిస్తారు. టేపు ఎంత కావాలంటే అంత ఇచ్చిన రోజు అందరూ టేపుతోనే వంతెన కట్టేశారు. మీటరు టేపు మాత్రమే ఇచ్చిన రోజు ఒక్కో అంగుళం గురించి వాదించుకున్నారు.

2. మూడు పీరియడ్లు కేటాయించండి, ఒక్కటి కాదు

ఇక్కడ రాజీ పడకండి. ఒక్క పీరియడ్‌లో పెడితే కట్టడం, కూలడం, బెల్లు, అంతటితో సరి. పిల్లాడికి మిగిలేది "నాకు రాదు" అన్న భావన. దానికన్నా అసలు చెయ్యకపోవడమే నయం.

మొదటి పీరియడ్ సమస్యకీ బొమ్మకీ. సామాను బల్ల మీద కనిపించాలి కానీ చేతికివ్వకూడదు. ప్రతి ఒక్కరూ ముందు తమ ఆలోచనను విడిగా గీయాలి, తర్వాతే జట్టులో మాట్లాడాలి. ఈ క్రమం తిరగబడితే గట్టిగా మాట్లాడే పిల్లాడి ఆలోచనే జట్టు ఆలోచన అయిపోతుంది. రెండో పీరియడ్ కట్టడానికీ పరీక్షించడానికీ. మూడోది, అదే వారంలో, రెండో ప్రయత్నానికి. మధ్యలో ఒకటి రెండు రోజులు ఎడం ఉంటే ఇంకా మంచిది, పిల్లలు ఇంటి దగ్గర దాని గురించి ఆలోచిస్తారు. వారం దాటితే మాత్రం ఆ వేడి చల్లారిపోతుంది.

"సిలబస్ ఎప్పుడవుతుంది?" అని హెడ్మాస్టరుగారు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నేను ఏడాదికి నాలుగు పనులే పెడతాను, అంటే పన్నెండు పీరియడ్లు. ప్రతి దాన్నీ ఆ నెలలో చెప్పే పాఠానికి కలుపుతాను: పీడనం పాఠంతో గాలీ కప్పూ, ప్లవనంతో పడవ, ఉష్ణంతో ఐసుపెట్టె. జాతీయ విద్యా విధానం 2020లో 6 నుంచి 8 తరగతులకు 10 రోజులు పుస్తకాల సంచి లేకుండా చేతిపనులు నేర్పాలని ఉంది. ఆ మాట పట్టుకుని అడిగితే సమయం ఇవ్వడానికి ఎవరూ కాదనలేదు.

3. సామాను

దీని గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. పాత న్యూస్‌పేపర్లు, అట్టపెట్టెలు, కొబ్బరి ఈనెలు, ఐస్‌ఫ్రూట్ పుల్లలు, పురికొస, పాత సీడీలు, సీసా మూతలు, రీఫిళ్ళు, అన్నీ పిల్లలే తెస్తారు. కొనాల్సినవి టేపూ ఫెవికాలే. ఈనెల చీపుర్లు, కొబ్బరి పీచు, తాళ్ళు పూర్ణా మార్కెట్లో ఒక్క చుట్టు తిరిగితే దొరుకుతాయి. సైకిల్ షాపులో వాల్వ్ ట్యూబు అడిగి తీసుకోండి. దాన్ని చిన్న ముక్కలుగా కోసి అగ్గిపుల్లలను కీళ్ళలా కలిపే పద్ధతిని అరవింద్ గుప్తా 1970లలో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ సైన్స్ బోధన కార్యక్రమంలో ఉన్నప్పుడు కనిపెట్టారు. ఐఐటీ కాన్పూర్‌లో ఇంజనీరింగ్ చదివి, చెత్తలోంచి బొమ్మలు చేయించడమే జీవితంగా పెట్టుకున్న మనిషి ఆయన. 2018లో పద్మశ్రీ వచ్చింది. ఆ పుల్లలతో చతురస్రం చేసి నొక్కితే వాలిపోతుంది, త్రిభుజం వాలదు. మన ఊళ్ళో క్రేన్లలోనూ కరెంటు టవర్లలోనూ త్రిభుజాలు ఎందుకున్నాయో ఆ నిమిషంలో తెలిసిపోతుంది.

కట్టర్లు, వేడి గ్లూగన్ మాత్రం మీ బల్ల దగ్గరే ఉంచండి, మీరుండగానే వాడాలి.

4. మొదటి పని: పేపరు వంతెన

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు దీంతోనే మొదలుపెట్టండి. రెండు బెంచీల మధ్య 40 సెంటీమీటర్ల సందు. ఒక్కో జట్టుకు నాలుగు న్యూస్‌పేపరు షీట్లు, మీటరు టేపు. వంతెనను బెంచీలకు అంటించకూడదు. బరువుల కోసం ఇసుకను ల్యాబ్ త్రాసులో తూచి 100 గ్రాముల పొట్లాలు కట్టి పెట్టుకోండి. ఒక్కొక్కటిగా మధ్యలో పెట్టాలి. ఒక్కోటి పెట్టాక ఐదు లెక్కపెట్టేదాకా నిలిస్తేనే లెక్క.

పరీక్షకు ముందు చిన్న ప్రదర్శన చేయండి. ప్లాస్టిక్ స్కేలును రెండు పుస్తకాల మీద పడుకోబెట్టి వేలితో నొక్కండి, వంగుతుంది. అదే స్కేలును అంచు మీద నిలబెట్టి నొక్కండి, కదలదు. స్కేలు మారలేదు, నిలబెట్టిన తీరు మారింది. దూలం లోతు, అంటే నిలువు కొలత, రెట్టింపయితే వంగకుండా నిలిచే దాని బిగువు ఎనిమిది రెట్లవుతుందని ఇంజనీరింగ్ లెక్క. ఆ ఎనిమిదిని మీరు చెప్పకండి. "ఎందుకు?" అని మాత్రం అడిగి వదిలెయ్యండి. పదో తరగతి వాళ్ళయితే రెండు అట్టముక్కలతో వాళ్ళే కొలిచి ఆ దగ్గరికి వస్తారు.

మొదటి ప్రయత్నంలో చాలామంది పేపరును మందంగా మడతలు పెడతారు, అది రెండు మూడు పొట్లాలకే వంగి సందులోకి జారుతుంది. ఎవరో ఒకరు గొట్టంలా చుడతారు. అది చాలాసేపు నిలుస్తుంది. తరగతి మొత్తం ఆ జట్టు చుట్టూ మూగుతుంది. అప్పుడు మీరు "చూశారా, గొట్టమే కరెక్టు" అనకండి. అన్నారంటే మూడో పీరియడ్‌లో అన్నీ గొట్టాలే వస్తాయి, ఆలోచన ఆగిపోతుంది.

5. మీ చేతులు వెనక్కి కట్టుకోండి

ఇది అన్నిటికన్నా కష్టమైన అడుగు. టేపు వంకరగా అంటిస్తున్న పిల్లాణ్ణి చూస్తే మన చెయ్యి ఆగదు. ఆపుకోవాలి. మనం ఒక్క మడత సరిచేస్తే ఆ వంతెన మనదైపోతుంది. విరిగినా నిలిచినా ఆ పిల్లాడికి ఇక పట్టదు.

చేతుల బదులు ప్రశ్నలు వాడండి. నేను పదే పదే అడిగేవి ఇవే: ముందు ఎక్కడ కదిలింది? అది విరిగిందా, నలిగిందా, జారిందా? టేపు ఊడిందా, పేపరు చిరిగిందా? ఒక్కటే మార్చచ్చంటే ఏది మారుస్తావు?

రెండో ప్రశ్నను నేను ఊరికే పెట్టలేదు. గొట్టం మధ్యలో నలిగి చదునైపోవడం వేరు, చివర బెంచీ మీంచి జారిపోవడం వేరు, అతుకు దగ్గర టేపు ఊడిపోవడం వేరు. మూడింటికీ మందులు వేరు. పిల్లలు మామూలుగా "కూలిపోయింది టీచర్" అని ఒక్క మాటలో తేల్చేస్తారు. ఆ మాటను మూడు ముక్కలుగా విడదీయడం నేర్చిన రోజున వాళ్ళు ఇంజనీర్లలా చూడడం మొదలుపెట్టినట్టే. పరీక్షను ఫోన్‌లో స్లో మోషన్‌లో తీసి చూపిస్తే అరక్షణంలో జరిగింది కూడా కనబడుతుంది. ఫోన్‌కి తరగతి గదిలో ఇంతకన్నా మంచి వాడకం నాకు దొరకలేదు.

6. రెండో ప్రయత్నం

ఇక అసలు విషయం. మూడో పీరియడ్‌కు మూడు నియమాలు పెట్టండి. సామాను మళ్ళీ అంతే. మార్చేది ఒకటి లేదా రెండు సంగతులే. మార్చేముందు ఏది, ఎందుకు మారుస్తున్నారో, ఎన్ని పొట్లాలు మోస్తుందని అనుకుంటున్నారో నోట్సులో రాయాలి.

ఆ చివరిది లేకపోతే రెండో ప్రయత్నం అదృష్టం మీద నడుస్తుంది. పది పొట్లాలు అని రాసి పదకొండు మోసినప్పుడు పిల్లల ముఖాలు చూడాలి. రాసింది ఇరవై అయి, మోసింది ఆరే అయితే ఆ జట్టు అక్కణ్ణుంచి కదలదు, ఎందుకో తేలేదాకా. మా ఆ వెనక బెంచీ అమ్మాయి జట్టు మొదటిసారి 3 పొట్లాలు మోసింది. రెండోసారి మూడు సన్నటి గొట్టాలను త్రిభుజంలా కలిపి కట్టి, చివర్ల కింద పేపరు ఉండలు పెట్టారు, జారకుండా. 17 మోసింది. ఆ ఏడాది ఫెయిర్‌లో ఆ వంతెనను పెట్టలేదు, అందంగా లేదన్నారు. ఆ అమ్మాయికి దాని గురించి దిగులు లేదు. 18 ఎందుకు మోయలేదన్నదే తన దిగులంతా.

ఆసక్తి ఎలా పెరుగుతుందో హిడీ, రెనింగర్ అనే ఇద్దరు పరిశోధకులు 2006లో నాలుగు దశలుగా వివరించారు. మొదట బయటి నుంచి ఏదో ఒకటి రాజేస్తుంది. తర్వాత ఆ పరిస్థితి కొనసాగితే ఆసక్తీ కొనసాగుతుంది. ఆ తర్వాత అది పిల్లాడి సొంతం కావడం మొదలవుతుంది. చివరికి బాగా స్థిరపడుతుంది. మన సైన్స్ ఫెయిర్లు, కొత్త కిట్లు, రోబో ప్రదర్శనలు మొదటి దశతోనే ఆగిపోతాయి. రాజేసి వదిలేస్తే పొయ్యి ఆరిపోతుంది. రెండో ప్రయత్నం అంటే ఆ పొయ్యిలో పెట్టే కట్టె.

అందుకే బహుమతులు మొదటి ప్రయత్నానికి ఇవ్వకండి. ఇస్తే రెండు ప్రయత్నాల మధ్య ఎక్కువ మెరుగుపడ్డ జట్టుకు ఇవ్వండి. 12 నుంచి 13కి వెళ్ళిన జట్టుకన్నా 2 నుంచి 9కి వచ్చిన జట్టు ఆ వారం ఎక్కువ నేర్చుకుంది.

7. జట్లు

ముగ్గురు చాలు. నలుగురైతే ఒకరు కూర్చుని చూస్తారు. తరగతిలో 60 మంది ఉంటే 20 జట్లు అవుతాయి, అది నిజమే. పరీక్షించే చోట్లు రెండు మూడు పెట్టి, పొట్లాలు పెట్టడం, లెక్క రాయడం పిల్లలకే అప్పగిస్తే నడుస్తుంది.

ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసిన జట్టులో ఏం జరుగుతుందో ఒకసారి పక్కన నిలబడి చూడండి. కత్తెర మగపిల్లాడి చేతికి, పెన్ను ఆడపిల్ల చేతికి వెళ్ళిపోతాయి. ఎవరూ చెప్పరు, అదంతట అదే జరుగుతుంది. పనిముట్టు పట్టుకోని పిల్లకు ఆ పని మీద ఇష్టం ఎలా కలుగుతుంది? పది నిమిషాలకోసారి చప్పట్లు కొట్టి చేతులు మార్పించండి: కత్తిరించేవాళ్ళు రాయాలి, రాసేవాళ్ళు కట్టాలి. నేనిది మొదలుపెట్టిన ఏడాదే తేడా కనబడింది.

ఇంకోటి. ఇంగ్లిష్ మీడియం అయినా సరే, ఈ మూడు పీరియడ్లూ పిల్లల్ని తెలుగులో మాట్లాడుకోనివ్వండి, బొమ్మ మీద పేర్లు ఏ భాషలోనైనా రాయనివ్వండి. "అడుగున జారిపోతాంది" అనగలిగిన పిల్లాడు ఇంగ్లిష్ వాక్యం కోసం వెతుక్కుంటూ ఆ సంగతే చెప్పకుండా ఊరుకుంటాడు.

8. మన ఊరికి తగ్గ మరో మూడు పనులు

పడవ. ఒక్కో జట్టుకు 21 సెంటీమీటర్ల పొడవు, 16 వెడల్పు ఉన్న అల్యూమినియం ఫాయిల్ ముక్క ఇవ్వండి. నాలుగు వైపులా అంచులు మడిచి పడవ చెయ్యాలి, గోళీలు మోయాలి. అంచు ఎంత ఎత్తు మడవాలన్నదే అసలు ప్రశ్న. 2 సెంటీమీటర్లు మడిస్తే లోపల 17, 12, 2 అవుతుంది, ఘనపరిమాణం 408. 3 మడిస్తే 15, 10, 3, అంటే 450. 4 మడిస్తే 13, 8, 4, అంటే 416 మాత్రమే. ఎత్తు పెంచుతూ పోతే లాభం ఒక చోట ఆగి వెనక్కి తిరుగుతుంది. ఇంటర్‌లో కాల్క్యులస్‌తో చేసే లెక్కను ఏడో తరగతి పిల్లలు ఫాయిలుతో పట్టుకుంటారు. 450 ఘన సెంటీమీటర్ల పడవ మంచినీళ్ళలో తన బరువుతో కలిపి 450 గ్రాములకు మునుగుతుంది. లీటరు నీళ్ళలో 35 గ్రాముల ఉప్పు కలిపితే దాదాపు సముద్రపు నీరే అవుతుంది, అందులో ఇంకో పది గ్రాములు ఎక్కువ మోస్తుంది. సముద్రపు నీళ్ళ కోసం పిల్లల్ని ఒడ్డుకు పంపకండి, మన బీచిలో అలలతో ఆటలొద్దు.

లెక్క ప్రకారం నిలవాల్సిన పడవ ముందే బోల్తా పడుతుంది, గోళీలు ఒక పక్కకు దొర్లి. అప్పుడు తెప్పల గురించి మాట్లాడండి. జాలరిపేట పిల్లలు తరగతిలో ఉంటే మీరు మాట్లాడక్కర్లేదు, బరువు ఎక్కడ పెట్టాలో వాళ్ళే చెబుతారు. నా తరగతిలో మార్కుల్లో ఎప్పుడూ వెనకుండే ఒక అబ్బాయి ఆ రోజు నాలుగు జట్లకు గురువయ్యాడు. దీని తర్వాత మన షిప్‌యార్డు కథ చెబితే చెవులప్పగించి వింటారు: 1941లో వాల్‌చంద్ హీరాచంద్ సింధియా కంపెనీ తరఫున మొదలుపెట్టినది, 1948 మార్చి 14న నెహ్రూ చేతుల మీదుగా 'జల ఉష' ఓడ అక్కడి నుంచే నీళ్ళలోకి దిగింది. పోర్టు కట్టే రోజుల్లో అలల నుంచి కాలువ ముఖద్వారాన్ని కాపాడడానికి రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్టగా వాడుకున్నారని చెప్పండి. ఉన్న సామానుతో పని జరిపించుకోవడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

కుర్సురా చూపించడానికి కూడా ఇదే సరైన వారం. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002 నుంచి ఆర్కే బీచిలో మ్యూజియంగా ఉన్న జలాంతర్గామి అది, పొడవు 91 మీటర్లు. ఊరికే తీసుకెళ్తే పిల్లలు ఫోటోలు దిగి వచ్చేస్తారు. వెళ్ళేముందు రోజు నిండా నీళ్ళున్న ప్లాస్టిక్ సీసాలో డ్రాపర్ వేసి మూత బిగించి, సీసా నొక్కితే మునిగి వదిలితే తేలేలా చేయించండి. దాన్ని సరిగ్గా సీసా మధ్యలో నిలబెట్టమని పందెం వెయ్యండి. చాలా కష్టం. ఆ కష్టం పడ్డ పిల్లలు కుర్సురా లోపల గైడును అడిగే మొదటి ప్రశ్న, మునగడానికి నీళ్ళు నింపుకునే ట్యాంకులు ఎక్కడున్నాయని.

గాలీ కప్పూ. అట్టతో అరచేతి వెడల్పు బడ్డీ కొట్టు, దానికి కప్పు. పెడస్టల్ ఫ్యాను అర మీటరు దూరంలో, మొదట ఒకటిలో, తర్వాత రెండు, మూడు. కప్పు ఎప్పుడు లేచిందో రాయాలి. గాలి వేగం రెట్టింపయితే దాని తోపుడు నాలుగు రెట్లు. హుద్‌హుద్ గాలి గంటకు 180 కిలోమీటర్లు, అంటే సెకనుకు 50 మీటర్లు. ఆ గాలి ఎదురుగా కొడితే చదరపు మీటరు గోడ మీద సుమారు 150 కిలోల బరువు మోపినట్టు. ఈ లెక్క వేశాక ఇంట్లో విన్న కబుర్లు పిల్లలకు ఇంకోలా వినబడతాయి. రెండో ప్రయత్నంలో చూరు పొట్టిగా చెయ్యడం, కప్పును గోడకే కాక పునాది దాకా దారంతో కట్టడం వాళ్ళంతట వాళ్ళకే తడుతుంది. ఫ్యానుకు జాలీ తప్పనిసరి, తడి చేతులు దగ్గరకు రాకూడదు.

ఐసుపెట్టె. ఒకే అచ్చులో గడ్డకట్టిన ఐసుముక్కలు తూచి ఇవ్వండి, గంట తర్వాత మిగిలింది మళ్ళీ తూచండి. దుప్పటి చుడితే వేడెక్కి తొందరగా కరుగుతుందని సగం తరగతి గట్టిగా వాదిస్తుంది. వాదించనివ్వండి, ఒక ముక్కకు దుప్పటి చుట్టి పక్కన పెట్టండి. మన ఊరి ఉక్కపోత కూడా ఇక్కడ పాఠమే: చల్లటి పెట్టె గోడ మీద గాలిలోని తేమ నీటి చుక్కలై పట్టినప్పుడు తన వేడిని పెట్టెకే ఇస్తుంది. కరిగిన నీళ్ళను ఐసుతోనే ఉంచాలా, అడుగున కన్నం పెట్టి వదలాలా అన్నది మా బడిలో మూడేళ్ళుగా తెగని వాదన. వీలైతే చివరి రోజు బడి దగ్గరకొచ్చే చేపలమ్మను పిలిచి ఆ పెట్టెలు చూపించండి. మా దగ్గరకొచ్చిన ఆమె ఒక పెట్టె ఎత్తి చూసి, "బాగుందమ్మా, ఇది నెత్తి మీద ఎలా నిలబెట్టను?" అని అడిగింది. పిల్లలెవరూ ఆ సంగతే అనుకోలేదు. మూడో ప్రయత్నం నేను చెప్పకుండానే మొదలయింది.

9. నోట్సు, మార్కులు

ఒక్కో పనికి రెండు పేజీలు. ఎడమ పేజీలో మొదటి బొమ్మ, ఏం జరిగింది. కుడి పేజీలో మార్పు, కారణం, అంచనా, ఫలితం. మార్కులు కుడి పేజీకే ఇవ్వండి. మోసిన బరువుకు మార్కులు వేస్తే పిల్లలు గెలిచిన జట్టును కాపీ కొడతారు. కారణానికి వేస్తే, 4 పొట్లాలే మోసిన జట్టు కూడా పూర్తి మార్కులు తెచ్చుకోగలదు. ఇది మొదట్లోనే చెప్పేస్తే సగం టెన్షన్ పోతుంది.

10. ఇంట్లోవాళ్ళు

ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అంటూ పరుగెత్తిస్తున్న రోజుల్లో "పేపరు వంతెనలు ఎందుకండీ?" అని తల్లిదండ్రులు అడుగుతారు. వాదించకండి. పరీక్ష పెట్టే రోజున రమ్మనండి. విశాఖలో మనకున్న అదృష్టం ఏమిటంటే, ఏ తరగతిలో చూసినా స్టీల్ ప్లాంటులోనో, పోర్టులోనో, షిప్‌యార్డులోనో, ఆటోనగర్ షెడ్డులోనో పని చేసేవాళ్ళ పిల్లలు ఉంటారు. వెల్డర్లు, ఫిట్టర్లు, బోటు మెకానిక్కులు, వడ్రంగులు, టైలర్లు. ఆఫీసర్ల బదులు వాళ్ళను జడ్జీలుగా పిలవండి. ఒక వెల్డింగ్ పనివారు మా తరగతికొచ్చి, పిల్లల వంతెన అతుకులు వేలితో తడిమి, "విరిగితే అతుకు పక్కనే విరుగుతాది, చూడండి" అన్నారు. అలాగే విరిగింది. ఆయన కొడుకు ఆ రోజంతా తలెత్తుకు తిరిగాడు. తండ్రి చేసే పనిలో ఇంత చదువు ఉందని ఆ పిల్లాడికి బడిలో ఎవరూ అంతకుముందు చెప్పలేదు.

సెలవుల్లో వీలైతే ఏటికొప్పాక తీసుకెళ్ళండి. వరాహ నది ఒడ్డున ఆ ఊరి కళాకారులు అంకుడు కర్రను తిప్పుతూ లక్కకడ్డీ ఆనిస్తే, రాపిడి వేడికి లక్క కరిగి రంగు అంటుకుంటుంది. పొయ్యి ఉండదు, కుంచె ఉండదు. వచ్చాక సీడీతో, పెన్ను మూతతో బొంగరాలు చేయించండి, ఎవరిది ఎక్కువసేపు తిరుగుతుందో చూడండి.

11. ల్యాబు, పథకాలు

మీ బడికి అటల్ టింకరింగ్ ల్యాబ్, అంటే పిల్లలు తమ చేతులతో వస్తువులు చేసి చూసే ల్యాబు, ఉంటే అదృష్టమే. నీతి ఆయోగ్ 2016లో మొదలుపెట్టిన ఈ పథకం 6 నుంచి 12 తరగతుల వాళ్ళ కోసం, ఒక్కో బడికి 20 లక్షల రూపాయల దాకా గ్రాంటు. త్రీడీ ప్రింటరు పాడవుతుందని తాళం వేసి ఉంచే బడులూ ఉన్నాయి. తాళం తీయించండి, కానీ ప్రింటరుతో మొదలుపెట్టకండి. పేపరుతో రెండుసార్లు కట్టి, మూడోది ప్రింట్ చెయ్యాల్సిన అవసరం వచ్చిన పిల్లాడికే ప్రింటరు ఏమిటో అర్థమవుతుంది.

పిల్లల కొత్త ఆలోచనలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఇన్‌స్పైర్ మానక్ అవార్డుకు బడి తరఫున పిల్లల ఆలోచనలు పంపచ్చు, ఎంపికైతే 10,000 రూపాయలు నేరుగా విద్యార్థి ఖాతాలో పడతాయి. ఇంటర్నెట్‌లో వెతికి తెచ్చిన ఆలోచనలు పంపే బదులు, పిల్లల నోట్సుల్లోని కుడి పేజీలు తిరగెయ్యండి. పంపాల్సినవి అక్కడే ఉంటాయి.

12. ఇష్టం కలిగిందని ఎలా తెలుస్తుంది?

"ఇంజనీర్ అవుతారా?" అని చేతులెత్తించి లెక్కపెట్టకండి, అన్ని చేతులూ లేస్తాయి. నేను చూసేవి వేరు. అడగకుండా ఇంటి నుంచి ఏదైనా సామాను తెచ్చారా? పక్క జట్టు దగ్గరకెళ్ళి "మీది ఎక్కడ విరిగింది?" అని అడిగారా? సమస్యను వాళ్ళే తెచ్చారా? మూడోది మొదటి ఏడాదిలో అరుదు. వచ్చినప్పుడు మీరు అనుకున్న పని పక్కన పెట్టి దాన్నే తీసుకోండి. మా తొమ్మిదో తరగతి పిల్లలు బడి కుళాయి కింద సగం నీళ్ళు బయట పోతున్నాయని కొలిచి, అట్ట గరాటుతో మొదలుపెట్టి, నాలుగు ప్రయత్నాల తర్వాత పాత పైపు ముక్కతో సరిచేశారు. ఇప్పటికీ అదే ఉంది.

విరిగినవాటిని పారేయకండి. ఒక పెద్ద అట్టపెట్టెలో దాచండి, ప్రతి దాని మీద చీటీ అంటించండి: ఎన్ని పొట్లాలు, ఎక్కడ విరిగింది, ఏమనుకుంటున్నాం. జూన్‌లో కొత్త తరగతి రాగానే మొదటి పీరియడ్‌లో ఆ పెట్టె తెరిచి బల్ల మీద గుమ్మరించండి. అక్కలు, అన్నయ్యలు కట్టి విరగ్గొట్టిన వంతెనలు అటూ ఇటూ తిప్పి చూస్తూ, మీరు సమస్య చెప్పేలోపే ఎవరో ఒకరు "టీచర్, ఇది మేం కట్టచ్చా?" అంటారు.